గీత కలపని చుక్కలు

రండమ్మా రండి, గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు లోపలికి జరగండి, చాప ఇంకా ఖాళీగానే ఉంది. పిల్లల్ని ఒళ్ళో కూచోబెట్టుకోండి. ఈ కథలో ఒళ్ళు జలదరించే చోటు ఒకటుంది, అక్కడికొచ్చేసరికి పట్టుకోటానికి ఎవరో ఒకరు ఉండాలిగా. పిల్లలకి కాదు, మీకు. అమ్మ పోలేరమ్మ తల్లికి ఒక దణ్ణం పెట్టుకోండి, నేనూ పెట్టుకుంటా. ఆ, ఇంక వినండి.

సామ్రాజ్యమని ఒకావిడ. టౌను దాటినాక బైపాసుకి అవతల మిరపచేలు చదును చేసి వేసిన కాలనీలో ఉండేదంట. మొగుడు చలమయ్యకి టౌన్లో ఎరువుల కొట్టు. వాళ్ళు ఇల్లు కట్టుకుని దిగిన కొత్తల్లో కాలనీ అంటే ఏముంది, పాతిన హద్దురాళ్ళు, మధ్యన మట్టి రోడ్డు, అంతే. వీధి లైటు లేదు. పొద్దుగూకితే నక్కలు కూసేవంట. ఆ పొలం గట్టున ఏ కాలం నాటిదో పోలేరమ్మ రాయి ఒకటుంటే, పొక్లెయిన్ వాడు దాన్ని లేపి కాంపౌండు గోడ మూలకి చేర్చాడు. పగలగొట్టలా, అదే పదివేలు. వీళ్ళింటికి సరిగ్గా ఎదురుగా ఇంకొక్క ఇల్లే ఉండేది, అది భ్రమరాంబది. మొగుడు చిన్నతనంలోనే పోయాడు, పిల్లల్లేరు, జాకెట్లు కుట్టుకుని ఒక్కతే బతికే మనిషి. ఇద్దరికీ చుట్టరికం లేదు, కులం కలవదు, అయినా వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు. తెల్లారగట్ల లెగిసి రెండు వాకిళ్ళూ ఇద్దరూ కలిసి ఊడ్చి, కళ్ళాపి జల్లి, ముగ్గేసేవాళ్ళంట. ఎట్టాగంటే, భ్రమరాంబ చుక్కలు పెట్టేది, సామ్రాజ్యం గీతలు కలిపేది. భ్రమరాంబకి గీత నిలవదు. ఎప్పుడో మిషను సూది చూపుడువేల్లో దిగి ఆ వేలు కొన వంకర తిరిగింది, పిండి జారిపోద్ది. అందుకని ఆవిడ పెట్టిన ప్రతి చుక్కకీ చిన్న తోక ఉంటది, మొలకెత్తిన పెసరగింజ చూశారుగా, అట్టా. సామ్రాజ్యం నవ్వేదంట, వదినా, నీ చుక్కలు మొలకలెత్తినై, నేను గీత కలిపేలోపు చెట్లయ్యేట్టున్నై అని. అయితే తొందరగా కలుపు, కాయలు నువ్వే కోసుకుందువు అనేదంట ఆవిడ. అదీ వాళ్ళ తెల్లారటం.

తర్వాత ఏమైందంటే, కాలనీ పెరిగింది. ఇళ్ళ పక్కన ఇళ్ళు లేచినై, సిమెంటు రోడ్డు పడింది, గేటు దగ్గర పేరు రాసిన ఆర్చి కట్టారు. ఇళ్ళు పెరిగినాక దొంగలు రారా మరి, వచ్చారు. అదీ రాత్రిపూట కాదంట, పగలే. మగాళ్ళు పనులకి పోయి, పిల్లలు బడికి పోయి, ఆడవాళ్ళు తలుపులేసుకుని నడుం వాల్చే వేళ ఉంటది చూడు, ఎండ తప్ప వీధిలో ఇంకేమీ కదలదు, అప్పుడు. సుభద్ర పంతులమ్మ ఇంట్లో బీరువా బద్దలుకొట్టారు. రైల్వే ఆయన ఇంట్లో దేవుడి గదిలో వెండి పీఠం కూడా వదల్లా, దేవుణ్ణి మటుకు కింద కూచోబెట్టి పోయారంట. ఇంక జనానికి కంటి మీద కునుకు లేదు. అసోసియేషన్ ప్రెసిడెంటు పిచ్చేశ్వరరావని, కాలవల ఆఫీసులో చేసి రిటైరైన పెద్దమనిషి, ఆయన టెంటు వేయించి మీటింగు పెట్టాడు. ఎస్సైగారిని కూడా పిలిచారు. ఎస్సై ఏమన్నాడంటే, అమ్మా, దొంగ ముందు ఒకసారి ఊరికే నడుచుకుంటా వచ్చి చూసి పోతాడు, వాడు చూసేది మీ వాకిలి, ముగ్గు లేని వాకిలి కనపడితే ఇంట్లో మనిషి లేదని గుర్తు పెట్టుకుంటాడు, జాగ్రత్తగా ఉండండి అన్నాడు. అందరూ గుసగుసలు. అప్పుడు మన సామ్రాజ్యం లెగిసి ఒక మాటంది. కావాలని అనలా, భయంలో వచ్చేసింది అనుకో. వీధిలోకి ఎవరెవరు వస్తున్నారో పోతున్నారో చూసుకోవద్దా, జాకెట్లు ఇవ్వటానికని ఏయే ఊళ్ళ వాళ్ళో వస్తుంటారు, వాళ్ళని అడిగే దిక్కుందా అంది. పేరు చెప్పలా. చెప్పాలా? టెంటు కింద తలలన్నీ ఒక్కసారి భ్రమరాంబ వైపు తిరిగినై. ఆవిడ లెగిసింది. కుర్చీ మడిచి, గోడకి ఆనించి, చెప్పులేసుకుని వెళ్ళిపోయిందంట.

మర్నాడు తెల్లారి సామ్రాజ్యం తలుపు తీస్తే వాకిట్లో చుక్కలు లేవు. చెయ్యి చీపురు మీదుంది, కళ్ళు ఎదురింటి మీదున్నై. వెళ్ళి ఒక మాట చెప్పొస్తే తీరిపోయేది. వెళ్ళబోయింది కూడా. ఎదురింటి తలుపు మూసే ఉంది, రేపెళదాంలే అనుకుంది. ఆ రేపు ఎట్టాంటిదో మీకు నేను చెప్పాలా, మీ అందరి ఇళ్ళల్లోనూ ఉంది అది.

ఇంక ఇక్కడ వినండి, కాలనీవాళ్ళు చేసిన తెలివైన పని. పిచ్చేశ్వరరావు బాగా ఆలోచించి, దొంగ చూసేది ముగ్గునేగా, ముగ్గు చెరిగిపోకుండా ఉంటే వాడికేం తెలుస్తది, ఇంట్లో మనుషులున్నా లేకపోయినా ముగ్గుంటది అన్నాడు. అబ్బ, ఏం బుర్రండీ అన్నారందరూ. పెయింటర్ని పిలిపించారు. వాడు అట్ట మీద తామరపువ్వు కోసుకొచ్చి, ప్రతి గేటు ముందూ ఆ అట్ట పెట్టి తెల్లరంగు కొట్టి పోయాడు. ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఒకటే తామరపువ్వు. ఎక్కువ రేకులు లేవు, తక్కువ రేకులు లేవు. మంచు పట్టిన పొద్దున చలమయ్య పాల ప్యాకెట్టు కోసం పోయి తిరిగొచ్చి, పక్కింటి గేటు తీసుకుని సరాసరి వాళ్ళ వంటింట్లోకి పోయాడంట, తన ఇల్లే అనుకుని. నవ్వారు. నవ్వారు గానీ, ఒకటి గమనించారా, ఆ రోజు నుంచి ఆ వీధిలో తెల్లారగట్ల తలుపు తీసే మనిషి లేదు. ముగ్గే వేసుందిగా, ఎందుకు లెగవటం. చీపురు చప్పుడు లేదు, బకెట్టు చప్పుడు లేదు. దొంగతనాలు ఆగినైయా అంటే, ఎట్టా ఆగుతై. చివరింటివాళ్ళు తిరపతి పోయొచ్చేసరికి వాళ్ళింట్లో గ్యాసు బండతో సహా లేదు. ఎప్పుడు పోయిందో, ఏ పూట పోయిందో చూసినవాళ్ళు లేరు. గేటు ముందు మటుకు తామరపువ్వు చక్కగా నవ్వుతానే ఉంది.

భ్రమరాంబ సంగతేందంటే, ఒంటరి ఆడది, భయం. దాంతో ఆవిడ ఒక అలవాటు చేసుకుంది. గ్రిల్లు సందులోంచి చెయ్యి బయటికి పెట్టి తాళం బయటవైపు వేసుకునేదంట. బయటి నుంచి చూస్తే ఊరెళ్ళినట్టు ఉంటది, లోపల తనుంటది. ధనుర్మాసం పట్టినాక, అహోబిలం యాత్ర బస్సులో పోతున్నా, పాలు పొయ్యొద్దు అని పాలవాడితో చెప్పింది. ఆ మాట వీధంతా తెలిసింది. గ్రిల్లుకి తాళం, వాకిట్లో తామరపువ్వు. ఇంకెవరడుగుతారు, యాత్రకి పోయింది అనుకున్నారు. సామ్రాజ్యం కూడా అదే అనుకుంది. నాకు చెప్పకుండా పోయిందే అని కాస్త మనసులో గుచ్చుకుంది, అంతే.

అప్పుడొచ్చింది ఆ పొద్దు. మంచు ఎట్టా ఉందంటే కిటికీలోంచి చెయ్యి బయట పెడితే వేళ్ళు కనపడవు. సామ్రాజ్యం ఇంకా పక్క మీదే ఉంది, మెలకువొచ్చీ రానట్టు. వాకిట్లో చీపురు చప్పుడు వినపడిందంట. సర్రు, సర్రు. తర్వాత కళ్ళాపి జల్లిన చప్పుడు. పాత రోజుల్లో లాగా, ఎవరో పని మొదలుపెట్టి తన కోసం చూస్తున్నట్టు. ఆ నిద్రమత్తులో, వస్తున్నా వదినా అని పైకే అన్నదంట. అని, ఉలిక్కిపడి లెగిసింది. తలుపు తీస్తే మనిషి లేదు. సిమెంటు మటుకు తడిగా ఉంది. ఆ రంగు తామరపువ్వు మీద వరసలు వరసలుగా చుక్కలు. గీతల్లేవు. ఉత్త చుక్కలే. కాలనీ వాట్సాపులో అప్పటికే తిరుగుతోందిగా, దొంగలు ఇళ్ళకి గుర్తులు పెడుతున్నారని. కేకేసి మొగుణ్ణి లేపింది. పిచ్చేశ్వరరావు మఫ్లరు చుట్టుకుని వచ్చాడు, ఇంకా పదిమంది వచ్చారు. ఎవరూ దగ్గరికి పోలా, దూరం నుంచే చూశారు. గుర్తేనమ్మా, అనుమానం లేదు, ఫినాయిలు పోసి కడిగెయ్యండి అన్నాడాయన. సామ్రాజ్యం బకెట్టుతో నీళ్ళు కొట్టి కడిగేసింది.

మర్నాడు మళ్ళీ చీపురు చప్పుడు. మళ్ళీ తడి. మళ్ళీ చుక్కలు, ఈసారి వాకిట్లో ఆగలా, గేటు దాటి రోడ్డు మధ్యదాకా వచ్చినై. చివరింటి దొంగతనం తర్వాత వీధికి కెమెరా ఒకటి పెట్టించారు, పిచ్చేశ్వరరావు ఇంట్లో కూచుని దాన్ని తిప్పి తిప్పి చూశారంట. తెరమీద ఉత్త వాకిలి కనపడుద్ది. తర్వాత మంచొచ్చి తెరంతా తెల్లగా కమ్ముకుపోద్ది. మంచు తీసేసరికి చుక్కలుంటై. మధ్యన వచ్చిన కాలు లేదు, వంగిన నడుం లేదు. చూసినవాళ్ళందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అప్పుడు పిచ్చేశ్వరరావు కళ్ళద్దాలు తుడుచుకుంటా, సామ్రాజ్యమ్మగారూ, ఏమనుకోకండి, ఇంతమంది ఇళ్ళుండగా మీ ఒక్క ఇంటికే ఎందుకు పెడుతున్నారు, మీ ఇంటికి ఎవరెవరు వస్తుంటారు, పోతుంటారు, కాస్త చూసుకుంటున్నారా అన్నాడు. మర్యాదగానే అన్నాడు. తలలన్నీ ఈవిడ వైపు తిరిగినై. ఆ మాట ఎవరిదో సామ్రాజ్యానికి తెలుసు. టెంటు కింద తనన్న మాటే, వీధంతా తిరిగి తన గుమ్మానికే వచ్చింది. ఇంటికొచ్చి, మళ్ళీ నీళ్ళు కొట్టి కడిగింది గానీ, ఆ పూటంతా ఎదురింటి తాళం వైపే చూస్తా కూచుందంట. చలమయ్య అన్నం పెట్టవే అంటే, కుర్చీ మడిచి పోయింది చూశావా అంది. ఎవరు, ఏ కుర్చీ అన్నాడాయన. ఆయనకేం తెలుసు.

ఆ మర్నాడు సామ్రాజ్యం చీపురు చప్పుడికి ముందే మేలుకునుంది. చప్పుడు మొదలైంది. లెగవలా. ఆగిందాకా ఉండి, అప్పుడు తలుపు తీసింది. కడగటానికని బకెట్టు పట్టుకుని వంగితే, చుక్కల మీద చీమలు పట్టి ఉన్నై. బియ్యప్పిండి. ఆవిడ అనుకుంది, గుర్తు పెట్టే దొంగ సుద్దతో పెడతాడు, బొగ్గుతో పెడతాడు, చీమలకి మేత వేసినట్టు బియ్యప్పిండితో పెట్టే దొంగ ఉంటాడా అని. ఇంకా వంగింది. మోకాళ్ళ మీద కూచుంది. అప్పుడు చూసింది, ప్రతి చుక్కకీ తోక. మొలకెత్తిన పెసరగింజ.

చేతిలో బకెట్టు అట్టాగే పక్కన పెట్టి లోపలికి పోయింది. అటక మీది పాత డబ్బా తీసి, గుప్పెడు బియ్యప్పిండి పోసుకొచ్చి, మొదటి చుక్క దగ్గర కూచుని గీత మొదలుపెట్టింది. ఎన్నాళ్ళైంది, వేళ్ళు మర్చిపోలా. చుక్కల ముగ్గంటే మీకు తెలుసుగా, గీత ఎటు పోయినా తిరిగి మొదటికి రావాలి. ఇది రావట్లా. ఎటు తిప్పినా ముందుకే లాక్కుపోతోంది. వరసలు సన్నబడినై, గేటు దాటినై, రోడ్డెక్కినై. ఆ మంచులో పక్క చుక్క తప్ప ఇంకేమీ కనపడదు. ఒక చుక్క కలిపితే ఇంకో చుక్క తేలిద్ది. నడుం ఎత్తకుండా అట్టా వంగి వంగి పోతానే ఉంది. వీధిలో ఒక్క తలుపు తెరిచి లేదు, ఒక్క కుక్క మొరగలా. ఉన్నట్టుండి నెత్తికి చల్లగా ఇనుము తగిలింది. తలెత్తి చూస్తే భ్రమరాంబ ఇంటి గ్రిల్లు. తాళం వేలాడుతోంది. చుక్కలు అక్కడ ఆగినై అనుకుంది. ఆగలా. ఇంకొక్కటుంది. తాళానికి అవతల, గ్రిల్లు లోపల, బయటి మనిషి చెయ్యి చాపినా అందనంత దూరంలో, గుమ్మానికి ఆనుకుని ఒక్క చుక్క.

వదినా అని పిలిచింది. మీటింగు రోజు తర్వాత ఆ మాట నోట్లోంచి రావటం అదే. ఎక్కడో దొడ్డివైపు కొళాయి చుక్క చుక్కా కారుతోంది, ఆ చప్పుడొక్కటే. ఇంకా గట్టిగా పిలిచింది. చలమయ్య దుప్పటి కప్పుకుని పరిగెత్తుకొచ్చాడు. యాత్రకి పోయిన మనిషిని గేటు దగ్గర నిలబడి పిలుస్తావేందే, నీకేమన్నా మతి పోయిందా అన్నాడు. గోడ దూకు అంది. నేనా, నా మోకాళ్ళు నీకు తెలీవా, పైగా కెమెరాలో పడితే పిచ్చేశ్వరరావు రేపు నన్నే దొంగంటాడు అన్నాడు. అననీ, నన్ను అనలేదా, నువ్వు దూకు అంది. ఆ గొంతు విని ఆయన కదిలాడు. వెనకవైపు ఖాళీ ప్లాట్లలో తుమ్మకంప తొక్కుకుంటా పోయి, గోడెక్కి, అవతల ధబ్బున పడి, లోపలి నుంచి దొడ్డి తలుపు గడియ తీశాడు. తీసి, సామ్రాజ్యం అని పిలిచాడంట, చిన్నగా. ఆవిడ కంప తొక్కుకుంటా పోయి దొడ్డి తలుపులోంచి లోపలికొచ్చింది.

భ్రమరాంబ నీళ్ళతొట్టి పక్కన పడుంది. యాత్రకి పోవాల్సిన పొద్దున స్నానానికని వచ్చి, నాచు మీద కాలు జారి, తుంటి విరిగి, లెగవలేక అక్కడే ఉండిపోయింది. కొళాయి కారే నీళ్ళు ఒళ్ళు తడుపుతున్నై, ఆ నీళ్ళే నోటికి అందినై, ఆ నీళ్ళే బతికించినై. అరిచి అరిచి గొంతు పోయింది. చలికి తలుపులు బిగించుకుని టీవీలు పెట్టుకున్న వీధికి ఏం వినపడుద్ది. సామ్రాజ్యం పక్కన కూలబడి ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. మంచుగడ్డ లాగా ఉంది. తీసుకుని, చూసి, అట్టాగే ఉండిపోయింది. ఎందుకంటారా. ఒళ్ళంతా తడి, బట్టలు తడి, నేల తడి. ఆ బొటనవేలికీ, వంకర చూపుడువేలికీ మటుకు పిండి. పొడిపిండి. ఊదితే లెగిసే పిండి. చలమయ్య కూడా చూశాడు, ఆయన ఒట్టేసి చెప్పాడు. భ్రమరాంబ కళ్ళు తెరిచి, గాలంత గొంతుతో, వచ్చావా వదినా, చుక్కలు పెట్టి ఎంతసేపైంది అందంట.

ఆసుపత్రిలో గొంతు వచ్చినాక సామ్రాజ్యం అడిగింది, ఎట్టా పెట్టావు వదినా అని. నేనెక్కడ పెట్టా, కదిలితేగా, అందావిడ. తెల్లారేసరికి చలి కొరికేది, కళ్ళు మూసుకుని మనసులో నీ వాకిలి ఊడ్చేదాన్ని, చుక్కలు పెట్టేదాన్ని, నువ్వు నీళ్ళు కొట్టి కడిగేదానివి. ఆ నీళ్ళ చప్పుడు నాకు వినపడేది. అందుకని మర్నాడు ఇంకాస్త ఇవతలికి పెట్టుకున్నా. సామ్రాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు మీటింగులో నేను, అని మొదలెట్టింది. భ్రమరాంబ ఆపేసింది. నువ్వన్న మాట నేను మర్చిపోలా, మర్చిపోను కూడా, కానీ చుక్కలు పెట్టాలంటే నాకింకెవరి వాకిలుంది అంది. అని, తల అటు తిప్పుకుని, ఆ నర్సమ్మ జాకెట్టు ఎవరు కుట్టారో, భుజం జారిపోతోంది, నయమైనాక నా దగ్గరికి రమ్మను అందంట.

మరి ఆ చుక్కలు ఎవరు పెట్టారంటే, గోడ మూలనున్న పోలేరమ్మ తల్లే పెట్టిందంటారు కొందరు. ఆ రోజు ఆ రాయి మీద పిండివేళ్ళ గుర్తు ఉందంటారు. నేను చూళ్ళా, చూడనిది చూశానని అమ్మ మీద చెప్పను. చూసింది మటుకు చెప్తా. పిచ్చేశ్వరరావు ఉలీ సుత్తీ పట్టుకుని తన వాకిట్లో తామరపువ్వుని తనే కూచుని చెక్కేశాడు, ఎవర్నీ చెయ్యి వెయ్యనీలా. మిగతావాళ్ళూ చెక్కుకున్నారు. ఇప్పుడు ఆ కాలనీలో తెల్లారితే ఒక్కో వాకిట్లో ఒక్కో వంకర ముగ్గు. దొంగతనాలు అసలే లేవని నేననను, మొన్న ఒక సైకిలు పోయింది. కానీ పోయిన గంటకే వీధంతటికీ తెలిసింది, అదీ తేడా. కర్ర పట్టుకుని నడుస్తున్నా భ్రమరాంబ చుక్కలు పెడుతోంది, సామ్రాజ్యం కలుపుతోంది. ఎదుటి వాకిలి ఉత్తగా కనపడితే ఏం చేస్తారంటే, రోడ్డు దాటి పోయి, తలుపు తట్టి, ఏమ్మా ముగ్గెయ్యలేదే అని అడుగుతారు. అంతే. మీరు ఈ కథలో ఇంకేం మర్చిపోయినా సరే, ఆ తలుపు తట్టటం ఒక్కటి గుర్తు పెట్టుకోండి, మీరూ చెయ్యండి, ఇంకో నలుగురికి చెప్పి చేయించండి. దానికి పిండి కూడా అక్కర్లా.

ఇంక లెగండి, పొద్దుపోతోంది. ఆ, అన్నట్టు, మూలింటి రంగనాయకమ్మగారు ఎప్పుడు కథ చెప్పినా ఈ స్తంభం పక్కనే కూచునేది, ఇవాళ రాలా. నేను ఇందాకటి నుంచీ చూస్తానే ఉన్నా. మీలో ఎవరన్నా ఈ పూట ఆవిణ్ణి చూశారా? లేదా. అయితే దణ్ణం తర్వాత పెట్టుకోవచ్చు, ముందు అటు పోయి తలుపు తట్టండి. పదండి, నేనూ వస్తున్నా.